గెల పడే చోటు

మా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టులో రింగు దగ్గర బంతి కోసం పోరాడే పవర్ ఫార్వర్డ్‌లు ఇద్దరు. ఆ స్థానంలో ఆడేది ఒక్కరే కాబట్టి, కోచ్‌గా నేను ఒకరిని బెంచీ మీద కూర్చోబెట్టాలి. రింగుకు తగిలి పడే బంతి మీదికి ఏన్కూరు తండా పిల్ల మంగ్లి ఉరుకుతుంది. సత్తుపల్లి ప్రసూన వెనక్కి దూకుతుంది.

"భయమైతే ఇంటికి పో!" అని ప్రసూన మీద అరిచాను.

"భయం కాదు సార్. మాది పామాయిల్ తోట. గెల కోసేటప్పుడు కింద నిలబడితే, మీద పడుతుందని నాన్న తిట్టేవారు. అలవాటైపోయింది."

మంగ్లి నవ్వింది. "అవ్ సార్. నేను గసుంటి తోటలకే కూలికి పోయిన. పడ్డ గెలను ఉరికి ఎత్తుడే నా పని."

మర్నాటి మ్యాచ్‌లో ఇద్దరినీ దించాను. రింగుకు తగిలిన బంతిని మంగ్లి నలుగురి మధ్య నుంచి లాక్కుని, చూడకుండానే వెనక్కి విసిరింది. అక్కడ ప్రసూన ఒక్కతే ఉంది. తాపీగా గురి చూసి రింగులో వేసింది.

బెంచీ మీద నేనే కూర్చున్నాను.