హెలెన్ చెప్పని అర్థం

ఈ విడతలో నూట పదహారో మాట పూర్తిచేసి హెలెన్ మెడ రుద్దుకుంది. సత్తెనపల్లిలో వాళ్ళది రెండు గదులూ, పక్కన చిన్న వంటిల్లూ ఉన్న ఇల్లు. ముందుగదిలో పాత కుట్టుమిషను బల్ల మీదే కంప్యూటరు. ఆరేళ్ళుగా హైదరాబాదు కంపెనీ ఒకటి పంపే నిఘంటువు కాగితాలను టైపు చేస్తోంది. అందులోవి ఐర్లండు వాళ్ళ భాష మాటలని చాలా రోజులకు గానీ ఎవరూ చెప్పలేదు. ప్రతి నామవాచకానికీ అర్థం, పుట్టుక, షష్ఠీ రూపం, బహువచనం అని నాలుగు గడులు. అక్షరం మీద చిన్న గీత తప్పినా తిప్పి పంపుతారు. యాభై ఏళ్ళకే ఆమె వేళ్ళ కొసలు నున్నగా అరిగాయి.

లోపలి గదిలో దగ్గు వినిపించింది. ఆమె భర్త జక్రయ్య ఇరవై ఏళ్ళు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల బస్తాలు మోశాడు. ఆ ఘాటు ఊపిరితిత్తులను తినేసిందన్నాడు డాక్టరు. ఇప్పుడు పెరట్లోకి వెళ్ళాలన్నా గోడ పట్టుకుని రెండుసార్లు ఆగుతాడు.

తరువాతి మాట అక్షరాలను బట్టి ‘బైంత్రియాక్’ అని చదువుకుంది. అర్థం చూసి వేళ్ళు ఆపేసింది. ఇంగ్లీషులో ‘విడో’, వితంతువు. ఆ గడి ఖాళీగా వదిలి, మిగతావి నింపి, అన్నం పెట్టడానికి లేచింది.

జక్రయ్య ముద్ద కలుపుతూ రోజూ అడిగేదే అడిగాడు.

“ఇయ్యాల ఏం మాటొచ్చిందే?”

“బైంత్రియాక్ అంట. ఎట్టా పలకాలో నాకూ తెలీదు.”

“అంటే?”

హెలెన్ గ్లాసులో నీళ్ళు పోసింది. పుట్టుక గడిలో ఉన్నదే చెప్పింది.

“పూర్వం, ఇంటి సేద్యం తనే చూసుకునే ఆడమనిషి అని.”

“అయితే అది నీ పేరేగా.” నవ్వబోయి దగ్గాడు. ఊపిరి అందాక మళ్ళీ అడిగాడు. “ఆమెది అనాలంటే?”

“మాట మారిద్ది. బైంత్రీ అనాలి.”

“మనకీ అంతేగా. ఇల్లు, ఇంటి. మరి చాలామందుంటే?”

“దానికీ ఉందిలే. తిను.”

“ఉండాలి మరి. అట్టాంటోళ్ళు మన వీధిలోనే పదిమంది ఉంటారు.”

ఆమె మజ్జిగ కోసమన్నట్టు వంటింట్లోకి వెళ్ళింది. కళ్ళు తుడుచుకుని వచ్చేసరికి అతను ఆ మాటను ముక్కలు ముక్కలుగా పలికి చూసుకుంటున్నాడు.

మధ్యాహ్నం ఇంకో ఇరవై మాటలు చేసింది. అన్నీ పంపాలంటే ఆ ఒక్క గడి నిండాలి. ఎర్ర గుర్తు వెలుగుతూనే ఉంది. నాలుగున్నర ప్రాంతంలో, చాలాసేపటి నుంచి దగ్గు వినపడటం లేదని గమనించింది. నిద్రపట్టినట్టుంది, పోనీలే అనుకుంది. ఆ మాట చూసి ఇదేమిటని అడగడానికి అతను రాడనే ధైర్యంతో, ఆ ఇంగ్లీషు మాట ఐదక్షరాలూ గబగబా కొట్టి పంపేసింది.

టీ పెట్టి లోపలికి వెళ్ళింది.

జక్రయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తల పక్కకు వాలింది.

“టీ తెచ్చా. ఏవయ్యా?”

భుజం పట్టి కదిపింది. మళ్ళీ పిలిచింది. ఆ పిలుపు విని పక్కింటి జైనాబీ పరుగున వచ్చి, అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, హెలెన్‌ను రెండు చేతులా పొదువుకుంది.

“పోయాడమ్మా. నీకు చెప్పకుండానే పోయాడు.”

అతని ఒళ్ళో చాట ఉంది. గోడ పట్టుకుని వంటింటి దాకా ఎప్పుడు వెళ్ళి తెచ్చుకున్నాడో ఆమెకు వినపడలేదు. రాత్రి కూరకు దాచిన చిక్కుడుకాయలు సగం ఈనెలు తీసి ఒక పక్కకు చేర్చి ఉన్నాయి. మిగతావి ఈనెలతోనే ఉన్నాయి.