చేతుల పెట్టినోళ్లకే

కొల్లూరు కాలనీలో ఫ్యాక్టరీ షిఫ్టులకు పోయే తల్లుల పిల్లలను బాలమణి ఆరేళ్లుగా చూసుకుంటోంది. ఇప్పుడు పటాన్‌చెరులో ఒక కంపెనీ వాళ్ల క్రెష్‌లో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వచ్చింది. డిగ్రీ చదివిన కూతురు నిషిత పక్కనే కూర్చుంది. రెండు రోజులు కష్టపడి తల్లికి ఇంగ్లిష్ మాటలు నేర్పింది: బేబీసిట్టర్, కేర్‌టేకర్, గార్డియన్.

"వీటిలో మీరు ఎవరమ్మా?" అని ఇంటర్వ్యూ చేస్తున్న మేడమ్ ఫారంలో ఉన్న ఆ మూడు మాటలే చూపించి అడిగింది.

తల్లి ఒక్కటైనా చెబితే చాలనుకుంది నిషిత.

"గవన్నీ నా బిడ్డకెరుక మేడమ్," అంది బాలమణి తొణక్కుండా. "పొద్దుగాల పిల్లను ఎవరు నా చేతుల పెడితే, మాపటికి వాళ్లకే ఇస్త. మొన్న ఒక పిల్ల మేనమామ వచ్చిండు. తల్లికి ఫోన్ కలువలే, నేను ఇయ్యలే. మస్తు తిట్టిండు."

"నిజంగా మేనమామేనా?"

"మేనమామే. అయితే ఏంది? తల్లి చెప్పలే గదా!"

మేడమ్ పకపకా నవ్వి, ఫారం మీద సంతకం పెట్టింది.

"సోమవారం నుంచి రండి. మా బాబును కూడా మీ దగ్గరే వదులుతాను. నా ముఖం ఒకసారి బాగా చూసుకోండి."