బండి ముక్కు కింద స్టాండు

ఆ ఎర్ర స్పోర్ట్స్ కారు షెడ్డులోకి వస్తూ వస్తూనే గుమ్మం దగ్గరి చిన్న గట్టుకి పొట్ట గీరుకుంది. పనిబల్ల దగ్గర నిలబడి చూస్తున్న షెడ్డమ్మకి ఆ చప్పుడు వినసొంపుగా ఉంది. బెత్తెడు గట్టు ఎక్కలేనిది కూడా ఒక బండేనా అని పెదవి విరిచింది. దాని యజమాని నల్ల కళ్లద్దాలు తియ్యకుండానే దిగి, క్లచ్చి జారుతోందనీ, ఇలాంటి బండి మీద చెయ్యి వేసే అదృష్టం ఈ వీధిలో ఇంకెవరికీ రాలేదనీ చెప్పి, బండి పక్కన నిలబడి తన ఫోటో తనే తీసుకుని వెళ్లిపోయాడు.

షెడ్డమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. మొగుడు పోయాక షెడ్డు మూసేస్తుందని ఎదురుచూసినవాళ్ల నోళ్లు మూయించి, జాకీ ఎత్తడం దగ్గర్నుంచి ఇంజన్ దించడం దాకా అన్నీ తన చేతుల మీద నడిపించుకొచ్చిన మనిషి. ఆ నడిపించడంలో ఆమెకి మనుషుల మీద ఒక గట్టి అభిప్రాయం ఏర్పడిపోయింది. సగం మందికి పని రాదు, మిగతా సగం మందికి తమకి రాదన్న సంగతి తెలియదు. కన్నకొడుకు మొదటి సగంలోకి వస్తాడు. నల్ల కళ్లద్దాలాయన రెండో సగం. కోడలిని ఎటు తొయ్యాలో మాత్రం ఇంకా తేలలేదు.

కోడలు పెళ్లికి ముందు ఒక పెద్ద షోరూములో, ఇలాంటి ఖరీదైన బళ్ల మరమ్మతు చేసేది. పనిమంతురాలే, కాదనడానికి లేదు. కానీ పని మొదలుపెట్టే ముందు ఆమె చేసే హంగామా చూస్తే షెడ్డమ్మకి ఒళ్లు మండేది.

ఆ రోజూ అదే వరస. బండి నేలకి అంటుకుపోయినట్టుంది, లిఫ్టు చేతులు దాని కింద దూరలేదు. కోడలు నాలుగు చెక్కలు పరిచి, మొగుడి చేత బండిని మెల్లగా వాటి మీదికి ఎక్కించింది. తర్వాత టార్చి పట్టుకుని నేల మీద బోర్లా పడుకుంది.

"ఏం వెతుకుతున్నావమ్మాయ్? చెవిపోగు పడిపోయిందా?" అంది షెడ్డమ్మ.

"ఎత్తే చోట్లు చూస్తున్నా అత్తయ్యా. అటూ ఇటూ అయితే బండి అడుగు నొక్కుకుపోతుంది," అంది కోడలు, తల తిప్పకుండా.

ఆ చోట్లు దొరికాక నాలుగింటి కిందా రబ్బరు దిమ్మలు ఆనించి, బండి చక్రాలు నేల వదలగానే లిఫ్టు ఆపి, ముందూ వెనకా పట్టుకుని గట్టిగా ఊపి చూసింది. మళ్లీ దించి, ఒక చెయ్యి కాస్త జరిపి, మళ్లీ ఎత్తింది. ఈ ముచ్చటంతా అయ్యేలోపు తనైతే క్లచ్చి ప్లేటు మార్చి చేతులు కడుక్కునేదాన్నని షెడ్డమ్మ కొడుకుతో అంది. కొడుకు అటు నవ్వాలో ఇటు నవ్వాలో తెలియక నేల మీది చెక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

బండి మనిషెత్తుకి లేచాక కోడలు మూలనున్న పొడుగు స్టాండు తెచ్చి బండి ముక్కు కింద నిలబెట్టింది. షెడ్డమ్మ ఇక ఊరుకోలేకపోయింది. నాలుగు చేతుల్లో ఒదిగి కూర్చున్న బండికి ఇదెందుకు, దానికేమైనా కళ్లు తిరుగుతాయా అని అడిగింది.

కోడలు ఓపిగ్గానే చెప్పింది. ఈ బండికి ఇంజన్ ముందు లేదు, సీట్ల వెనక ఉంది. గేరుబాక్సు దానికంటే వెనక. క్లచ్చి కోసం అది దించేస్తే వెనక భాగం ఒక్కసారిగా తేలికైపోయి ముక్కు కిందికి వాలుతుంది. అప్పుడు ఆపేది ఈ స్టాండే. షెడ్డమ్మ విన్నది కానీ చెవికి ఎక్కించుకోలేదు. ఆమె చేతుల మీదుగా పోయిన బళ్లన్నిటికీ ఇంజన్ ముందే ఉంది. ఒక్కటంటే ఒక్కటి కూడా ఎప్పుడూ వాలలేదు.

మధ్యాహ్నం దాటాక పక్క లిఫ్టు మీదున్న డెలివరీ వ్యాను సైలెన్సరు గొట్టం వేలాడుతుంటే దానికి ఆసరా కావలసి వచ్చింది. షెడ్డులో పొడుగు స్టాండు అదొక్కటే. కోడలూ కొడుకూ ఎర్ర కారు వెనక వైపు గేరుబాక్సు జాకీ పెట్టుకుని బోల్టులు విప్పుతున్నారు. షెడ్డమ్మ ముందు వైపు వెళ్లి స్టాండు మర కాస్త తిప్పింది. అది చులాగ్గా ఊడి చేతికొచ్చింది. బండి బరువు దాని మీద లేనే లేదు. చూశావా అని కోడలికి మనసులోనే చెప్పి, స్టాండు తీసుకెళ్లి వ్యాను కింద పెట్టి, బిగింపు తీగ కోసం మళ్లీ ఎర్ర కారు ముందున్న పనిబల్ల దగ్గరికొచ్చింది.

అప్పుడే గేరుబాక్సు ఇంజన్ని వదిలి జాకీ మీదికి జారింది.

మొదట ఇనుము కిర్రుమంది. షెడ్డమ్మ తలెత్తి చూసేసరికి ఎర్ర ముక్కు తన మీదికి వంగుతోంది. నెమ్మదిగా, వినయంగా, దండం పెడుతున్నట్టు. ఆమె పారిపోలేదు. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ రెండు చేతులూ పైకెత్తి దాన్ని మొయ్యబోయింది. చేతులకి బండి తగిలింది, బరువు మోచేతుల్లోకి దిగింది. ఇది ఆగేది కాదని ఒళ్లంతటికీ తెలిసింది, కాళ్లకే తెలియలేదు.

వెనక నుంచి పరిగెత్తుకొచ్చిన కోడలు ఆమె నడుం పట్టుకుని పక్కకి లాగింది. ఇద్దరూ వెళ్లి పాత టైర్ల గుట్టలో పడ్డారు. వాళ్ల వెనక బండి ముక్కు పనిబల్ల అంచు మీద దభీమని దిగి, అక్కడే ఇరుక్కుని ఆగిపోయింది.

కొడుకు వెనక జాకీ కడ్డీ పట్టుకుని బొమ్మలా నిలబడ్డాడు. కోడలి మోచెయ్యి గీరుకుపోయింది. ఆమె వ్యాను కిందున్న స్టాండు వైపు చూసింది, తర్వాత అత్తగారి వైపు.

"బండి పోతే పోయేది అత్తయ్యా. చేతులు అడ్డం పెడతారా ఎవరైనా?" అంది. స్టాండు మాటే ఎత్తలేదు.

తిట్టి ఉంటే షెడ్డమ్మ ఎదురు తిట్టి ఉండేది. తిట్టకపోయేసరికి ఏం చెయ్యాలో తోచక, టైర్లు ఇక్కడ పెట్టిందెవరని కొడుకు మీద విరుచుకుపడింది.

ఆ తర్వాత కోడలు చెప్పిందే వేదం. ఎవరూ దగ్గరికి పోవద్దంది. పక్క గోడౌను నుంచి ఫోర్క్‌లిఫ్టు రప్పించింది. దాని కొమ్ములకి చెక్క దిమ్మలు కట్టించి, ముక్కుని వెంట్రుకవాసి చొప్పున పైకి లేపించి, స్టాండు మళ్లీ కింద పెట్టి, దిమ్మలు సరిచేసి బండిని నిలబెట్టింది. షెడ్డమ్మ చేతులు కట్టుకుని దూరంగా చూస్తూ కూర్చుంది. తప్పు పట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వెతికింది. దొరకలేదు. ముందు బంపరు మాత్రం అడ్డంగా చీలిపోయింది.

యజమానికి ఏం చెప్పాలన్న ప్రశ్న వచ్చినప్పుడు కొడుకు గొంతు సవరించుకుని, లిఫ్టు పాడైందని చెప్పేద్దామన్నాడు.

"లిఫ్టు నీలాంటిది కాదురా, చెప్పిన పని చేస్తుంది," అంది షెడ్డమ్మ.

నల్ల కళ్లద్దాలాయన వచ్చి బంపరు చూసి ఒంటికాలి మీద లేచాడు. చూపు నేరుగా కోడలి మీదికే పోయింది. ఇలాంటి బండి ఆడపిల్ల చేతికివ్వడం తన బుద్ధితక్కువన్నాడు. కోడలు నోరు తెరిచేలోపు షెడ్డమ్మ మధ్యలోకి వచ్చింది.

"స్టాండు పెట్టింది ఆ పిల్ల. తీసింది నేను. తిడితే నన్ను తిట్టు, వింటాను. దాన్నంటే మాత్రం బండి ఎలా ఉందో అలాగే తోసుకుపో."

ఆయన ముసలావిణ్ణి తిట్టడానికి కాసేపు ప్రయత్నించి, ఆవిడ రెప్ప వెయ్యకుండా చూస్తుంటే, కొత్త బంపరు షెడ్డువాళ్లే వెయ్యాలని గొణిగి వెళ్లిపోయాడు. అతని వీపు వైపు చూస్తూ షెడ్డమ్మ, కళ్లద్దాలు తీస్తే ముఖంలో ఇంకేమీ ఉండదు కాబోలు అంది. కోడలు మొదటిసారి ఆమె మాటకి పకపకా నవ్వింది.

క్లచ్చి, బంపరు రెండూ పూర్తయిన రోజున కోడలు తాళాలు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. ఒక చుట్టు తిప్పి చూసి క్లచ్చి ఎలా పడుతోందో చెప్పమంది. నువ్వు చెయ్యలేవా అంది షెడ్డమ్మ. చెయ్యగలను కానీ మీ కాలికి తెలిసినంత నా కాలికి తెలియదంది కోడలు. ఇది పొగడ్తో మర్యాదో తేల్చుకోలేక షెడ్డమ్మ మూతి తిప్పుకుని, తలుపు తీసి, ఆ గోతిలాంటి సీట్లోకి దిగబడింది.

ఇద్దరూ వీధి చివరిదాకా వెళ్లి వచ్చారు. గేరు మారుస్తున్నప్పుడల్లా పెడలు మెత్తగా దిగింది, క్లచ్చి ఎక్కడ పట్టాలో అక్కడ పట్టుకుంది. షెడ్డమ్మ దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు. సీటు బాగోలేదంది, అద్దం చిన్నదంది, ఈ చప్పుడుకి వీధిలో పసిపిల్లలు జడుసుకుంటారంది. షెడ్డు ముందు ఆపి ఇంజన్ కట్టేశాక దిగబోయింది కానీ నడుం లేవలేదు. రెండోసారీ లేవలేదు. కోడలు ఇటు తిరిగి వచ్చి చెయ్యి చాచింది.

"నువ్వు అటు చూడు," అంది షెడ్డమ్మ.

కోడలు అటు తిరిగి నిలబడింది. షెడ్డమ్మ ముందు మోకాళ్లు బయటపెట్టి, రెండు చేతులూ నేలకి ఆనించి, ఆ బండినీ, దాన్ని చేసినవాణ్ణీ, కొన్నవాణ్ణీ వరసగా తిట్టుకుంటూ నాలుగు కాళ్ల మీద బయటికొచ్చింది.