ట్రక్కులో కూర్చునే మనిషి

చర్చిలో కుడివైపు బల్లలు తుడిచేసి వెర్లిన్ టటిల్ ఎడమవైపుకి వచ్చాడు. పొడుగాటి మనిషి, వంగిన భుజాలు, చేతులకి ఎప్పుడూ బల్లలకి పూసే నిమ్మనూనె వాసన. ఆ చర్చి ఊడ్చి తుడిచే పనిలోనే జుట్టు నెరిసింది. ఈమధ్య రెండు బల్లలు తుడిస్తే మూడోదాని మీద కూలబడాల్సి వస్తోంది. గుండె పనైపోయిందని డాక్టరు సూటిగానే చెప్పాడు.

పాస్టరుగారు కాలేజీ జట్టు రంగు టై కట్టుకుని లోపలికొచ్చారు.

"రేపు నా ప్రసంగం సంతోషం మీదా, ఓదార్పు మీదా? నీ చేతిలోనే ఉంది వెర్లిన్."

"రెండూ సిద్ధం చేసుకోండి పాస్టరుగారూ."

"ఇవాళైనా ఆట ఇంట్లో కూర్చుని చూస్తావా?"

వెర్లిన్ నవ్వి, గుడ్డ మళ్ళీ నూనెలో ముంచాడు.

అలబామాలోని ఆ చిన్న ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. ఏనాడో ఒక శనివారం, కార్డెన్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు చిత్తుగా ఓడిపోతుంటే చూడలేక వెర్లిన్ లేచి బయటికెళ్ళి, ఇంటిముందు ట్రక్కులో కూర్చుని రేడియో పెట్టుకున్నాడు. జట్టు గెలిచింది. బావమరిది డ్వైట్ ఆ ముక్క పట్టేసుకున్నాడు. అప్పట్నించి జట్టు వెనకబడితే చాలు, "బావా, ట్రక్కు" అనేవాడు. వెళ్ళినా ఓడిపోతే, "ఇంకాస్త ముందు లేవాల్సింది" అని సాధించేవాడు. నిజానికి ఆ ఇంట్లో ఒక్కరూ కార్డెన్‌లో చదివింది లేదు. అయినా ఆదివారం చర్చికి ఎగనామం పెట్టినా పెడతారు గానీ శనివారం ఆట మానరు.

అలా గొప్ప గెలుపులన్నీ వెర్లిన్ చెవులతో విన్నవే, కళ్ళతో చూసినది ఒక్కటీ లేదు. పెళ్ళివాళ్ళకి వండిపెట్టి తను పస్తుండే వంటవాడి బతుకు. ఒక్క లాభం మాత్రం ఉంది. ఆటలో జరిగేది రేడియోలో టీవీ కంటే కొన్ని క్షణాలు ముందే వినిపిస్తుంది. గెలుపు ముందు అతనికే తెలిసేది. తెలియగానే రేడియో తగ్గించి, ఇంట్లోంచి కేక ఎప్పుడొస్తుందా అని చెవి ఒగ్గేవాడు. ఆ కేక అంటే అతనికి ప్రాణం. కానీ ఇవాళ మాత్రం కళ్ళారా చూడాలనుంది. వచ్చే ఏడు ఉంటాడో లేదో.

ఇంటికొచ్చేసరికి భార్య నదీన్ వేరుసెనక్కాయలు ఉడకబెట్టి వార్చింది. డ్వైట్, అతని పెళ్ళాం, కూతుళ్ళు అందరూ దిగారు. ఈ ఏడు ఆటలు మొదలైన నాటినుంచీ ఉతకని చొక్కా తొడుక్కుని డ్వైట్ తన కుర్చీలో ఉన్నాడు.

"ఆ చొక్కా వేరే గదిలో పెట్టినా వాసనొస్తుంది" అంది నదీన్.

"ఉతికితే గెలుపు కూడా పోతుందక్కా."

వెర్లిన్ సోఫాలో, కిటికీ పక్కన కూర్చున్నాడు. సగం ఆటయ్యేసరికి జట్టు వెనకబడింది. ఇంకాసేపటికి మరీ వెనకబడింది. డ్వైట్ కాయలు ఒలుస్తున్నాడు గానీ నోట్లో వేసుకోవడం లేదు. ఎవరూ తనవైపు చూడకపోవడమే వెర్లిన్‌కి కష్టంగా తోచింది. టోపీ తీసుకుని లేచాడు.

"కూర్చో. ఓడితే ఓడతారు" అంది నదీన్.

ఆ మాట ఆ ఇంట్లో అంతకుముందెప్పుడూ ఎవరూ అనలేదు. డ్వైట్ పెళ్ళాం భయంగా టీవీ వైపు చూసింది.

"కాస్త గాలి పీల్చుకుని వస్తా" అని వెర్లిన్ గోడ పట్టుకుని నడిచి వెళ్ళాడు.

ట్రక్కు అద్దం దించి రేడియో పెట్టాడు. జట్టు కొంచెం పుంజుకుంది. ఛాతీలో బరువు కూడా పెరిగింది. అంతలో నదీన్ వచ్చి తలుపు తీసింది. ఆట నడుస్తుండగా ఆమె అక్కడికి రావడం అదే మొదలు.

"లోపలికి రా."

"వస్తే పోతుందే. ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నారు."

"పోనీ. వాళ్ళకి వచ్చే ఏడు ఉంది. నాకు నువ్వు పక్కన కావాలి."

వెర్లిన్ స్టీరింగు నిమిరాడు. "డ్వైట్‌గాడు నన్ను తినేస్తాడు."

"వాడి సంగతి నేను చూసుకుంటాలే."

అతను రేడియో మోగుతుండగానే టోపీ తీసి స్టీరింగుకి తగిలించి, ఆమె భుజం పట్టుకుని దిగాడు.

ఇద్దరూ లోపలికి రాగానే గది బిగుసుకుపోయింది. డ్వైట్ నోరు తెరిచాడు. అక్క మొహం చూశాడు. లేచి బావ వెనక దిండు సర్దాడు.

"కాళ్ళు చాపుకో బావా."

ఆఖరి ఘడియ. బంతి పట్టుకుని ఈ ఒక్కసారి గీత దాటితే గెలుపు. టీవీలో బంతి ఇంకా కదల్లేదు, కుర్రాళ్ళు వంగి నిలబడే ఉన్నారు. అప్పుడు కిటికీలోంచి ట్రక్కు రేడియోలో జనం హోరు సన్నగా వినిపించింది. గదిలో మరెవరికీ అది పట్టలేదు. వెర్లిన్ నదీన్ చెయ్యి గట్టిగా నొక్కాడు. ఆమె తిరిగి చూసింది. పిల్లలకి మిఠాయి దాచినవాడిలా నవ్వుతున్నాడు, కళ్ళు టీవీ మీదే ఉన్నాయి.

కుర్రాడు గీత దాటాడు. ఇల్లు దద్దరిల్లింది. ఆ కేక ఈసారి వెర్లిన్ చుట్టూనే లేచింది.

"చూశావా బావా? అనవసరంగా ఇన్నేళ్ళూ నిన్ను..." అంటూ తిరిగిన డ్వైట్ ఆగిపోయాడు.

నదీన్ చేతిలోని చెయ్యి వదులైపోయింది. నవ్వు మాత్రం ఉంది.

"చూశాడు" అంది ఆమె. "నాకు తెలుసు, చూశాడు. పిల్లల్ని ఇంకాసేపు అరవనీరా."

బయట, అద్దం దించిన ట్రక్కులో, స్టీరింగుకి వేలాడే టోపీకి రేడియో ఆ గెలుపు మళ్ళీ మొదటినుంచీ చెబుతూ ఉంది.