ఫారంలో రాయని రెండు సంగతులు

పెద్దకోడలు పిల్లల డాక్టరు. చిన్నకోడలు అదే ఆసుపత్రిలో, కింది అంతస్తులో మైక్రోస్కోపు ముందు కూర్చుని జబ్బుల పేర్లు తేల్చే డాక్టరు. అత్తగారి లెక్కలో మాత్రం ఇంట్లో డాక్టరు ఒక్కరే! "మా చిన్నది స్లైడు ఇలా చూసి అలా చెప్పేస్తుంది" అని ఆవిడ వచ్చినవాళ్ళందరి దగ్గరా ఆకాశానికెత్తేస్తుంటే, పెద్దకోడలికి ఒళ్ళు భగ్గున మండేది. పదిహేనేళ్ళుగా ఊళ్ళో సగంమంది పిల్లల దగ్గులూ జ్వరాలూ తగ్గించింది ఎవరట?

ఆ అక్కసుతోనే ఆ పని చేసింది. ఏడాదిన్నర పాపకి నాలుగు నెలలుగా తలమీద పొలుసులు, ఏ పూతకీ లొంగలేదు. చిన్న చర్మం ముక్క తీసి కిందికి పంపాలి. ఫారంలో పాప బాధలన్నీ రాయాలి. చెవి కారడం ఆగట్లేదనీ, నీళ్ళు తెగ తాగేస్తోందనీ తల్లి చెప్పింది. పెద్దకోడలి కలం ఆగింది. 'ఇలా చూసి అలా చెప్పేస్తుందిగా, చెప్పనీ!' అనుకుని, "తలమీద పొలుసులు" అని రాసి ఊరుకుంది.

"మామూలు చర్మపు వాపు" అని రిపోర్టు వచ్చింది. పెద్దకోడలు లోలోపల తెగ సంబరపడిపోయింది. 'నీకూ అంతు చిక్కలేదన్నమాట!' పాపకి మాత్రం మళ్ళీ అదే పూత రాసిచ్చింది.

మూడు వారాలకి తల్లి పరుగున వచ్చింది. "స్నానం నీళ్ళు కూడా తాగేస్తోందండీ. ఇక్కడ తల మెత్తబడింది, చూడండి."

వేలికి ఎముకలో గుంట తగిలింది. చర్మం, చెవి, దాహం, ఎముక, అన్నిటికీ జబ్బు ఒక్కటే. ఒకరకం కణాలు అదుపు తప్పి ఒంట్లో పలుచోట్ల పేరుకుపోయే జబ్బు, చదవడమే తప్ప ఎన్నడూ చూడని హిస్టియోసైటోసిస్. మెట్లు ఎలా దిగిందో ఆవిడకే తెలియదు.

అంతా విని చిన్నకోడలు అడిగింది. "చెవీ దాహమూ అప్పుడే తెలుసా అక్కా?"

"తెలుసు."

"ఒక్క ముక్క రాసుంటే ప్రత్యేకమైన రంగు వేసి చూసేదాన్ని కదా! అది వేయకపోతే ఈ కణాలు మామూలు వాటిలో కలిసిపోతాయి."

దాచి ఉంచిన అదే ముక్కకి రంగు వేయించింది. కణాలు బయటపడ్డాయి, పాపకి మందులు మొదలయ్యాయి. దాహానికి మాత్రం బహుశా జీవితాంతం మందు వాడాల్సిందేనన్నారు. మూడు వారాల ముందైతేనో అని అడిగే ధైర్యం పెద్దకోడలికి లేకపోయింది.

రెండ్రోజుల తర్వాత భోజనాల దగ్గర అత్తగారు మురిసిపోయింది. "ఆసుపత్రిలో అందరూ చెప్పుకుంటున్నారు, చిన్నది పొరబడితే నువ్వు పట్టేశావటగా! గట్టిదానివే!"

చిన్నకోడలు తలెత్తలేదు. అసలు జరిగింది తను ఎవరికీ చెప్పలేదు.

ఈ మెచ్చుకోలు కోసం ఎన్నేళ్ళు మొహం వాచిందో పెద్దకోడలు! తీరా వచ్చాక, ఎత్తిన ముద్ద తిరిగి కంచంలో పెట్టేసింది.

"తను పొరబడలేదత్తయ్యా," అంది. "పొరబడేలా చేసింది నేను."