ఒట్టి నీళ్ల కూత

కుక్కర్‌లో నీళ్లు పోసి, మూత బిగించి, గిరిజ పొయ్యి వెలిగించింది. లోపల పప్పు లేదు, బియ్యం లేదు. ఒట్టి నీళ్లే.

"మూడు కూతలు రానియ్యే. పక్కింటి సమ్మయ్యోళ్లు ఇనాలె," అంది అత్త తిరుపతమ్మ, ఎప్పటిలాగే.

సిమెంటు ఫ్యాక్టరీలో భర్త బాలకిషన్ పని పోయి ఏడాది కావస్తోంది. దాచిందంతా ఫిలిప్పీన్స్‌లో డాక్టరు చదువుతున్న కూతురు శ్రీవాణి ఫీజులకే పోయింది. అయినా అతను రోజూ కంపెనీ చొక్కా తొడుక్కుని, ఖాళీ టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరతాడు. ఆ చొక్కా ఉతికి ఇస్త్రీ చేసేది గిరిజే. వండని వంటకు గిన్నెలు తోమేదీ గిరిజే. రాజురా బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు అమ్ముతానని ఒకసారి అడిగింది. "నా ఇజ్జత్ తీస్తవా? నీళ్లు తాగి పండుదాం గని, రోడ్డు మీద కూసుంటనంటే ఊకోను," అన్నాడు. ఆ నీళ్లు కూడా తానే కాయాల్సి వస్తుందని అప్పుడామెకు తెలియదు.

ఫోన్ మోగింది. శ్రీవాణి.

"ఏం వండినవ్ మమ్మీ?"

"పప్పు."

"మా ఓనరాంటీ వాళ్లాయనకు పని పోయింది మమ్మీ. ఆంటీ ఇంటి ముందర టేబుల్ ఏసుకొని, అరటికాయలు చక్కెరల వేయించి అమ్ముతుంది. సిగ్గుగాదా ఆంటీ అని అడిగిన."

"ఏమన్నది?"

"మస్తు సిగ్గయితది, మొదటి రోజు ఏడ్చిన, అందుకే లిప్‌స్టిక్ ఏసుకొని కూసుంటున్న అన్నది. గల్లీవోళ్లు గూడ తిన్నా తినకున్నా కొంటరు. కష్టమొచ్చిందా అని ఒక్కరడగరు. జోకులేసుకుంట కొనుక్కపోతరు."

ఫోన్ పెట్టేశాక గిరిజ కుక్కర్‌నే చూస్తూ నిలబడింది. సిగ్గు పోయాక బయటికి వెళ్లాలని ఇన్నాళ్లూ అనుకుంది. సముద్రాల అవతల ఒకామె సిగ్గుపడుతూనే వచ్చి కూర్చుందట.

కుక్కర్ బుసకొట్టసాగింది. కూత రాకముందే పొయ్యి ఆర్పేసింది.

"కూత రాలేదేందే?"

గిరిజ ఆవిరి దిగాక మూత తీసి, ఆ మరిగిన నీళ్లే డబ్బా అడుగున మిగిలిన జొన్నపిండిలో పోసి కలిపింది. చేతులు చురుక్కుమన్నాయి. ముఖం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, పొయ్యినీ సిలిండర్‌నీ రోడ్డు వైపు వసారాలోకి లాగింది.

తిరుపతమ్మ గాభరాగా తలుపు దగ్గరికొచ్చింది. "లోపలికి రావే! లోకమంత చూస్తది."

గిరిజ మొదటి రొట్టెను పెనం మీద వేసింది.

"చూడనీ అత్తమ్మా. చూడకపోతే ఎట్ల కొంటరు?"