సూది దిగేదాకా

వెన్నులో మత్తుసూది వేసేటప్పుడు మనిషిని పట్టుకోవడం ఆ ఆపరేషన్ థియేటర్లో పెద్దక్క పని. నర్సులందరిలోకీ వయసులో పెద్దది కాబట్టి డాక్టర్లకు కూడా ఆమె పెద్దక్కే. వచ్చినవాళ్ళను బల్ల అంచున కూర్చోబెట్టి, కాళ్ళు స్టూలు మీద ఆనించి, ఒళ్ళో దిండు పెట్టి, గడ్డం గుండెకు తగిలేలా వంచాలి. తాను ఎదురుగా నిలబడి వాళ్ళ నుదురు తన భుజం మీద పెట్టుకోవాలి. సూది బయటికి వచ్చేదాకా పట్టు వదలకూడదు, నోరూ మూయకూడదు. వీపు వెనక ఏం జరుగుతోందో వాళ్ళకు కనిపించదు కదా. చల్లటి మందు తగిలినా ఉలిక్కిపడతారు. అందుకే ప్రతిదీ ముందే చెప్పాలి.

ఆ పూట కాన్పు ఆపరేషన్‌కి తీసుకొచ్చిన అమ్మాయిని పెద్దక్క సరిగ్గా చూడలేదు. నిండు పొట్ట, టోపీ కింద వంచుకున్న మొహం, అంతే. వెనక గౌను ముడి విప్పుతుంటే మెడ మీద పుట్టుమచ్చ కనిపించింది. ఎన్నోసార్లు ఆ మెడ మీద జడ అల్లిన వేళ్ళు ముడి దగ్గరే ఆగిపోయాయి.

కోడలు. కొడుకుతో విడాకులయ్యాక ఆ పిల్లను చూడడం ఇదే మొదటిసారి. మళ్ళీ పెళ్ళయిందని ఎవరో అనగా విన్నది, అంతే. కోర్టు మెట్ల మీద వాళ్ళు ఒక వైపు, వీళ్ళు ఒక వైపు దిగిపోయారు. వెళ్ళొస్తానని అనడానికి ఇద్దరికీ వీలు చిక్కలేదు. ఒక్కతే కూర్చుని అన్నం తింటున్నప్పుడల్లా ఆ అనని మాట పెద్దక్క గొంతుకు అడ్డం పడుతూ ఉంటుంది.

మాస్కు ఉంది కాబట్టి ఆ పిల్ల తనను పోల్చుకోలేదు. నోరు తెరిస్తే? సూది దిగుతుండగా గొంతు గుర్తుపట్టి అదిరిపడితే? పోనీ మాట్లాడకుండా ఉంటే, మందు చల్లదనానికే అదిరిపడుతుంది. చిన్న నర్సుకు అప్పగించి తప్పుకోవచ్చు. తప్పుకోవడానికి మనసొప్పలేదు.

“ఏం పెద్దక్కా, మీ నోరు ఒక్క క్షణం మూతపడదు కదా, ఇవాళ ఏమైంది?” అన్నాడు మత్తు డాక్టరు, చేతులు కడుక్కుని వస్తూ.

సూది ఇంకా ట్రేలోనే ఉంది. చెబితే ఇప్పుడే చెప్పాలి. పెద్దక్క ఎదురుగా వచ్చి వంగింది.

“అమ్మాయ్, నేను. మీ... నేనే. వద్దంటే చెప్పు, వేరేవాళ్ళని పిలుస్తా.”

అమ్మాయి తలెత్తి మాస్కు పైనున్న కళ్ళకేసి చూసింది. చూసి, మళ్ళీ దించుకుంది.

“మీరే పట్టుకోండత్తయ్యా. కానీ మాట్లాడొద్దు. మీ గొంతు వింటే ఏడుపొస్తుంది. ఏడిస్తే కదుల్తాను.”

పెద్దక్క డాక్టరువైపు తిరిగింది. “ఇవాళ మాటలు మీవి, పట్టు నాది.”

“మీ ఉడుంపట్టు చాలు. మాటలకేం, నేను మాత్రం తక్కువ తిన్నానా?”

నుదురు వచ్చి భుజం మీద వాలింది. రోజూ ఎవరో ఒకరు అక్కడ వాలుతూనే ఉంటారు. సూది అయ్యాక వాళ్ళకు ఆమె మొహం కూడా గుర్తుండదు. ఈ నుదుటి బరువు మాత్రం ఆమెకు ముందే తెలుసు.

“చల్లగా తగుల్తుందమ్మా,” అన్నాడు డాక్టరు. అమ్మాయి వణికింది గాని కదల్లేదు. అతను వేలితో ఎముకల సందు వెతికి, సూది అందుకున్నాడు.

అంతలో పెద్దక్క చేతుల కింద భుజాలు రాయిలా బిగిశాయి. పిల్ల ఊపిరి ఆగింది. పురిటినొప్పి వస్తోంది. కదలకూడదన్న పంతంతో పళ్ళు బిగబట్టింది, చెప్పడం లేదు. ఆ ఇంట్లోనూ అంతే, జ్వరమొచ్చినా పైకి చెప్పేది కాదు.

“ఆగండి డాక్టర్! నొప్పి వస్తోంది.”

వెనక చెయ్యి ఆగింది. నొప్పి పెరిగి, మెల్లగా దిగింది. అది దిగాక ఏడుపు మొదలైంది. పెద్దక్క భుజం తడిసింది.

“అన్నానా, మాట్లాడొద్దని?”

“అన్నావు.”

“మళ్ళీ మాట్లాడుతున్నారు!”

“నువ్వు నోరు విప్పవు, నన్ను విప్పనివ్వవు. డాక్టరుగారికి ఎవరు చెప్తారు, ఆ గోడ చెప్తుందా?”

వెక్కిళ్ళ మధ్యలో చిన్న నవ్వు లాంటిది వినిపించింది.

“ఏడవనీయండి పెద్దక్కా. అదయ్యాకే సూది,” అన్నాడు డాక్టరు.

ఏడుపు తెరిపిచ్చాక అమ్మాయి ముక్కు ఎగబీల్చింది. “ఇంక మీరే చెప్పండి, ఏం చేస్తారో.”

పెద్దక్క చెప్పింది. “గడ్డం ఇంకాస్త కిందికి. ఇప్పుడు చీమ కుట్టినట్టుంటుంది... ఇప్పుడు నడుం దగ్గర ఎవరో నొక్కినట్టుంటుంది. కదలకు. పట్టుకునే ఉన్నా.” ఎక్కడుంటున్నావు, వేళకు తింటున్నావా, ఆ అబ్బాయి నిన్ను బాగా చూసుకుంటాడా? అవేవీ అడిగే చోటు కాదు. “కాళ్ళు వెచ్చబడతాయి,” అంది.

“వెచ్చబడ్డాయి.”

“అయింది, వదిలేయండి,” అన్నాడు డాక్టరు.

పడుకోబెట్టడంలో ఆలస్యం పనికిరాదు. భుజాలు చిన్న నర్సుకు అందించి, పెద్దక్క కాళ్ళు ఎత్తి బల్ల మీదికి చేర్చింది. కుడి తుంటి కింద మెత్త దూర్చింది. ఆలోగా అమ్మాయి గుండెల మీదుగా తెర కట్టేశారు. మొహం తెరకు అవతల ఉండిపోయింది.

అమ్మాయి భర్తను లోపలికి పిలిచి తలవైపు కూర్చోబెట్టారు. కంగారు గొంతు.

“భయమేసిందా?”

“లేదు. ఒకావిడ పట్టుకుంది.”

“ఎవరు?”

పెద్దక్క దుప్పటి అందుకుంది.

“ఇక్కడావిడే. మంచావిడ.”

పెద్దక్క పాదాల మీదికి దుప్పటి లాగింది. మొద్దుబారిన పాదాలు, ఎవరు తాకినా వాటికి తెలియదు. సర్జన్ వచ్చి పక్కకు జరగమనేదాకా ఆమె చెయ్యి వాటి మీదే ఉంది.